అవ్వ కోయనీయని పూలు

పోయిన నెల నేను ఒక మనిషిని చేతికర్రతో కొట్టాను. ఈ వయసులో అలాంటి పని చేస్తానని నేనూ అనుకోలేదు. మదనపల్లెలో మా మనవరాలి ఇంటి ముందు నాలుగు మడుల్లో బంతి, చామంతి వేసి ఉన్నాయి. వాటిని చూసుకోవడానికి వారానికొకసారి కలికిరి నుంచి మునెప్ప అని ఒకాయన వస్తాడు. ఆ రోజు నేను వరండాలో కూర్చుని ఉండగా అతను పెద్ద కత్తెర పట్టుకుని, వాడిపోయి తల వాల్చిన బంతిపూలను వరసపెట్టి కత్తిరించుకుంటూ వస్తున్నాడు. తలలు టపటప నేల మీద పడుతున్నాయి. వద్దని రెండుసార్లు చెప్పాను. చెవుల్లో ఏదో పెట్టుకుని పాటలు వింటున్నాడు, నా మాట వినపడలేదు. లేచి వెళ్లి మణికట్టు మీద ఒకటి వేశాను. కత్తెర ఎగిరి గోడ పక్కన పడింది.

“ఏందవ్వా, ఎండిపోయిన పూలకు మనిషిని కొడతావా?” అన్నాడు చెయ్యి రుద్దుకుంటూ.

“ఎండినాయని నీకెవురు సెప్పినారప్పా? లోపల గింజ ఇంకా పచ్చిగా ఉండాది.”

“గింజలు యాలవ్వా మనకు? బెంగుళూరు నుంచి ప్యాకెట్లు తెస్తాండాను కదా.”

మనవరాలు బయటికి వచ్చి అతనికి క్షమాపణ చెప్పి, చేతికి రాసుకోమని మందిచ్చి, నన్ను లోపలికి తీసుకుపోయింది. నాకు సిగ్గేసింది. నా చేతిలోంచి వచ్చిన ఆ దెబ్బ నాది కాదని కూడా అనిపించింది. అది మా అవ్వ దెబ్బ. మా నాయనను కన్న తల్లి. వాడిన పువ్వు జోలికి ఎవరు పోయినా ఆమె చెయ్యి అలాగే లేచేది.

మేము అప్పుడు పుంగనూరుకు రెండు మైళ్ల అవతల, ఊరికి దూరంగా విసిరేసినట్టుండే పది గుడిసెల్లో ఒకదాంట్లో ఉండేవాళ్లం. చుట్టుపక్కల ఊళ్లలో పూల మొక్క లేని ఇల్లు లేదు. కానీ ఎవరింటి పువ్వూ చెట్టున ముసలిది అయ్యేది కాదు. తెల్లవారేసరికి దేవుడి పటాలకు కొన్ని, ఆడవాళ్ల తలల్లోకి కొన్ని పోయేవి. మొగ్గలనే దండ కట్టేసేవాళ్లు. మా ఇంట్లో అలా జరగలేదు. నేను పుట్టకముందే అవ్వ, నాయన బాప్తిస్మం తీసుకున్నారు. మా ప్రార్థన ఇంటి కట్టుబాటు ప్రకారం పటాలకు పూలు పెట్టేది లేదు, ఆడవాళ్లు తలలో పెట్టుకునేదీ లేదు. అవ్వకు కొత్త దేవుడు అలవాటయ్యాడు గాని పాత పూల పిచ్చి పోలేదు. గుడిసె వెనక చారెడు నేలలో ఆమె పెంచిన ప్రతి మొక్కా తన ఇష్టం వచ్చినట్టు పూసి, వాడి, ఎండి, గింజ పట్టి రాలేది. కోసే పని లేదు కాబట్టి చివరిదాకా చూసే భాగ్యం ఆ చుట్టుపక్కల మా ఒక్కరికే దక్కింది.

వానలు మొదలైతే చంద్రకాంతలు సాయంత్రం విచ్చుకునేవి. వాటి నల్ల గింజలు మిరియాల్లా ఉండేవి. పళ్లతో కొరికి, లోపలి తెల్ల పిండిని మొహానికి పూసుకునేదాన్ని. దసరా దాటాక బంతి. అది వాడిన తర్వాతే అవ్వకు దాని మీద ప్రేమ ఎక్కువయ్యేది. ఎండిన తలను రెండు అరచేతుల మధ్య పెట్టి నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకునేది. ఆ ఘాటు పచ్చి పువ్వులో లేదు. చలికాలం కోడిజుట్టు పూలు మాంసం ముక్కల్లా ఎర్రగా ఉబ్బి, మెడ కింద నల్లటి ఇసుకలాంటి గింజను దాచుకునేవి. ఎండలు ముదిరితే ఆముదం కాయలు చెట్టు మీదే పేలేవి. మధ్యాహ్నం గుడిసెలో పడుకుంటే బయట టప్పు టప్పుమని వినిపించేది. ఒకసారి గింజ ఎగిరొచ్చి నా కనురెప్పకు తగిలి వాచిపోయింది. ఏడుస్తుంటే అవ్వ నవ్వింది. “పుట్టాలంటే బద్దలుగొట్టుకోని రావల్ల. దానికి నీ కన్నేందో ముక్కేందో ఏం తెలుసు?” అంది. కనకాంబరం కాయలను నోట్లో పెట్టుకుని తడిపి, అవి చీలి నాలుక మీద కొట్టేదాకా ఉగ్గబట్టుకోవడం నాకు ఇష్టమైన ఆట.

ఆ చారెడు నేల కోసం అవ్వ రోజూ ఎవరో ఒకరితో యుద్ధం చేసేది. చిలకల మీదికి రాళ్లు విసిరేది. ఎదురింటి మేక కంచె దూరి చామంతులు నమిలితే దాని కాలు విరగ్గొట్టింది, ఆ ఇంటివాళ్లు వచ్చి తిడితే రెండింతలు తిట్టింది. జొన్న దంచుతూ దంచుతూ బంతిమడిలో కట్లపామును చూసి, అదే రోకలితో తల నలగ్గొట్టి, రోకలి కడిగి మళ్లీ దంచుకుంది. ఎండిన తలలు కోస్తే నన్నూ కొట్టేది. తొడ మీద రెండు వేళ్లతో మెలిపెట్టేది. సాయంత్రానికి అది గచ్చకాయ రంగుకు తిరిగేది. దెబ్బలకు కొదవలేని కాలం అది. ఎద్దును కొట్టేవాళ్లు, పెళ్లాన్ని కొట్టేవాళ్లు, కూలివాణ్ని కొట్టేవాళ్లు. కొట్టిన చేతులతోనే అందరూ అన్నం తినేవాళ్లు.

ఇంకొక మాట కూడా చెప్పాలి. గింజ నిలిచేది మా ఇంట్లోనే కాబట్టి ఊరంతా గింజలకు మా దగ్గరికే రావలసి వచ్చేది. మమ్మల్ని ముట్టుకోని వాళ్లు కూడా వచ్చేవాళ్లు. చెరువు కింది భూములన్నీ గంగులప్ప అనే ఆయనవి. ఆయన భార్య ఏటా వానలకు ముందు మా కంచె బయట నిలబడి, ఒక గుడ్డ నేల మీద పరిచి, నాలుగడుగులు వెనక్కి జరిగేది. అవ్వ వెళ్లి అందులో గింజలు పోసి ఇవతలికి వచ్చేది. అప్పుడామె గుడ్డ తీసుకునేది. “ఈ తూరి బంతి చిన్నగా పూసింది, అవ్వా” అని ఫిర్యాదు కూడా చేసేది. “మొగ్గలోనే తుంచుతే పెద్దగా యాడ పూస్తాది తల్లీ” అనేది అవ్వ. కంచె మీద పాకిన గురివింద కాయలు కూడా ఒకసారి అడిగి తీసుకుపోయింది, కూతురికి పూసలు గుచ్చడానికి. మాఘమాసం దాటాక ఆ కాయలు ఎండి, మెలితిరిగి నోళ్లు తెరిచేవి. లోపల ఎర్రని గింజలు, వాటికి నల్లని మచ్చ. ఆకులన్నీ రాలినా ఆ ఎరుపు కంచె నిండా నిలిచే ఉండేది. ఎండాకాలంలో మా ఇంట్లో అంత అందమైనది ఇంకేదీ లేదు.

మా వాళ్లకు తరతరాలుగా ఒక పని ఉండేది. ఊళ్లో పశువు చస్తే ఈడ్చుకుపోవడం. తోలు, మాంసం మాకు, చాకిరీ వాళ్లకు. బాప్తిస్మం తీసుకున్నాక నాయన ఆ పని చేయనన్నాడు. పేరు కూడా మార్చుకున్నాడు, నాగడు పోయి యోసేపు అయ్యాడు. గంగులప్ప మాత్రం నాగా అనే పిలిచేవాడు. కొన్నాళ్లు పొరుగూరి నుంచి మనుషులు వచ్చి పశువులను లాగేవాళ్లు. నాకు తొమ్మిదో పదో ఏడు నడుస్తున్న ఎండాకాలంలో గంగులప్ప ఇంట్లో పుంగనూరు పొట్టి ఆవు ఒకటి చచ్చింది. మా నడుము ఎత్తు ఉండేది, పాలు మాత్రం ధార కట్టేవి. ఆయనకు ప్రాణం. అదే రోజు సాయంత్రం దాని దూడ కూడా పడిపోయింది. పొరుగూరి మనుషులు దొరకలేదు. గంగులప్ప కబురంపాడు. నాయన పోలేదు. ఆవు, దూడ రెండు రోజులు కొట్టంలోనే ఉబ్బి, చివరికి గంగులప్ప కొడుకులిద్దరూ ముక్కులకు గుడ్డలు కట్టుకుని తమ చేతులతో తామే ఈడ్చవలసి వచ్చింది. ఊరు ఊరంతా నిలబడి చూసింది.

మరునాడు పొద్దున నేను కంచె పక్కన బొమ్మరిల్లు ఆట ఆడుకుంటున్నాను. అమ్మ కానుపుకు కుప్పంలో పుట్టింటికి పోయి ఉంది, ఆడుకునే పిల్లలూ లేరు. గురివింద గింజలను దోసెడు ఏరి, బండ మీద పోసి, రాయితో నూరాను. గట్టి గింజలు, ఒకటి నలిగితే మూడు ఎగిరిపోయేవి. కాసిని నీళ్లు పోసి మెత్తగా చేసి, అది ఎర్ర పప్పు అనుకున్నాను. ఆకులో వడ్డించి పక్కన పెట్టాను. గురివింద విషమని నాకు తెలుసు, నోట్లో పెట్టుకోవద్దని అవ్వ చెప్పింది. ఆ గింజలతో పశువులను చంపుతారని, ఆ నేరం మావాళ్ల మీదే మోపుతారని మాత్రం ఎవరూ చెప్పలేదు.

పొద్దు బారెడు ఎక్కేసరికి గంగులప్ప, ఇద్దరు కొడుకులు, ఇంకో నలుగురు కర్రలూ కొడవళ్లూ పట్టుకుని వచ్చారు. నాయనను గుడిసెలోంచి జుట్టు పట్టి లాగి, బండి చక్రానికి కట్టేశారు. పెద్దకొడుకు చెర్నాకోల అందుకున్నాడు. మొదటి దెబ్బకు చొక్కా చిరిగింది, మూడో దెబ్బకు వీపు చిరిగింది. నాయన అరవలేదు. లెక్కబెట్టుకుంటున్నవాడిలా పెదవులు కదిపాడు. అది ప్రార్థన అని తర్వాత చెప్పాడు.

“నాగా, ఆవును యాల సంపినావురా?” అన్నాడు గంగులప్ప.

“నేను సంపలేదు సామీ.”

“గొడ్డును ఈడ్సేదానికి మానం అడ్డమొచ్చె, సంపేదానికి రాలేదా?”

అప్పుడు చిన్నకొడుకు కంచె దగ్గర్నుంచి కేక వేశాడు. గురివింద తీగ చూశాడు. దాని కింద బండ చూశాడు. నేను వడ్డించిన ఆకును రెండు చేతులతో ఎత్తి పట్టుకుని తెచ్చి తండ్రి ముందు పెట్టాడు.

గంగులప్ప మెల్లగా అన్నాడు. “ఎవురు నూరినారు దీన్ని? ఎవురు నూరినారో వాళ్ల సేతే తినిపిస్తాను.”

నేను అవ్వ పక్కనే, ఆమె చీర కుచ్చెళ్లు పట్టుకుని నిలబడి ఉన్నాను. నాయనను కొడుతుండటం చూస్తున్నాను. నేనే అని చెప్తే ఆపుతారనుకున్నాను. నోరు తెరిచాను. “నే” అన్నంతవరకే వచ్చింది. అవ్వ చెయ్యి వెనక్కి పోయి, నా మూతి మీద పడింది. నా జీవితంలో అంత దెబ్బ అంతకు ముందూ తినలేదు, తర్వాతా తినలేదు. కింద పడ్డాను. ముందు పన్ను ఊడి, రక్తంతో పాటు మట్టిలోకి వచ్చింది. లేవబోతే ఆమె తన పాదం నా మెడ మీద పెట్టి నేలకు నొక్కి పట్టింది.

“నేను నూరినాను సామీ,” అంది. “నా కొడుక్కు తెలీదు.”

“యాల నూరినావు?”

“పేనుకొరుకుడుకు. తలకు పూసుకుందామని.”

“యాడుండాది నీకు పేనుకొరుకుడు? ముసుగు తీ.”

అవ్వ తల మీద గుడ్డ తీసింది. ఆ వయసులో కూడా ఆమె జుట్టు నడుము దాటి ఉండేది. పేనుకొరుకుడుకు జుట్టు ఊడిన మచ్చ ఎక్కడా లేదు. అబద్ధమని అందరికీ తెలిసిపోయింది. వాళ్లలో ఒకడు నవ్వాడు. పెద్దకొడుకు చెర్నాకోల పడేసి, ఆ జుట్టును చేతికి రెండు చుట్లు చుట్టి, కొడవలితో కోశాడు. కొడవలి గడ్డి కోసేది, మొండిది. కోసినంత కోసి మిగిలింది పెరికాడు. నెత్తి నుంచి చెవుల మీదికి రక్తం కారింది. “ఇప్పుడు పూసుకో,” అన్నాడు. అవ్వ కదల్లేదు. నా మెడ మీది పాదాన్ని ఇంకా గట్టిగా నొక్కింది.

తర్వాత ఇద్దరు చేతులు పట్టుకున్నారు, ఒకడు దవడలు నొక్కాడు. ఆకులో ఉన్నది ఆమె నోట్లో కుక్కారు. ఉమ్మింది. మళ్లీ కుక్కి, ముక్కు మూశారు. మింగక తప్పలేదు. ఆపైన తోట మీద పడ్డారు. చామంతులను కాళ్లతో తొక్కి, బంతి మడిని పారతో తిరగేసి, కంచెకు నిప్పు పెట్టారు. ఆముదం కాయలు పేలుతుంటే వాళ్లే ఉలిక్కిపడి వెనక్కి గెంతారు. వాళ్లు వెళ్లాక నాయన కట్లు విప్పింది నేనే. ముడి రాకపోతే ఊడిన పన్ను పక్కనున్న పళ్లతో కొరికాను.

గంగులప్ప భార్యకు మా గురివింద సంగతి తెలుసు. అవే గింజలు ఆమె కూతురి మెడలో ఉన్నాయి. ఆమె మాట్లాడలేదు. ఆ తరువాతి దసరాకు ఆమె ముంగిట్లో మా బంతులే పూసి ఉంటాయి.

గుడిసెలవాళ్లు అవ్వకు ఉప్పునీళ్లు తాగించి కక్కించారు. సాయంత్రానికి బండి కట్టి మదనపల్లె మిషను ఆసుపత్రికి తీసుకుపోయారు. దారంతా ఆమె రక్తం కక్కుతూనే ఉంది. పదిహేను రోజులు మంచం మీద, ఉందో పోయిందో తెలియనట్టు పడి ఉంది. నేను సరిగా నూరలేకపోయిన గింజలే ఆమెను బతికించాయని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. చాలావరకు పగలకుండానే కడుపులోకి పోయి ఉంటాయి. పక్క వార్డులో నాయన బోర్లా పడుకుని ఉండేవాడు. అతణ్ని అడిగాను, ఆవు ఎందుకు చచ్చిందని.

“కోసిన జొన్న మోళ్లకు పిలక లేసిండాది కదా, వాన లేక వాడిపోయి. అది మేస్తే గొడ్డు నిలబడదు. వాళ్ల సేనే, వాళ్ల పిలకే.”

“వాళ్లకు తెలీదా నాయనా?”

“తెలీకేం పాపా. సేద్యగాళ్లు.”

మళ్లీ ఆ ఊరు పోలేదు. ఆసుపత్రి నుంచి అటే కుప్పం వెళ్లి, అమ్మ పుట్టింటివాళ్ల పక్కన ఇల్లు వేసుకున్నాం. నాయన రైలు స్టేషనులో మూటలు మోశాడు. అవ్వ అక్కడా మొక్కలు పెట్టింది. జుట్టు అతుకులు అతుకులుగా మొలిచింది, మధ్యలో మొలవని మచ్చలు ఉండిపోయాయి. అన్నం చారెడు కన్నా సహించేది కాదు. కానీ పుంగనూరు సంగతి మాకన్నా ముందే కుప్పం చేరింది. విషం నూరినట్టు పదిమంది ముందు తన నోటితో ఒప్పుకున్న మనిషి అని. ప్రార్థన ఇంటి పెద్దలు పిలిచి అడిగారు. “నువ్వు నూరింది నిజమేనామ్మా?” కాదంటే మరి ఎవరని అడుగుతారు. అవ్వ అవునూ అనలేదు, కాదూ అనలేదు. దానితో బల్ల దగ్గర ప్రభువు పేరున పంచే రొట్టె ఆమెకు ఇవ్వడం మానేశారు. ప్రతి నెలా అందరూ లేచి ముందుకు పోతే, ఆమె ఒక్కతే వెనక చాప మీద గోడకు ఆనుకుని కూర్చునేది. మేకల వాళ్లతో, పాములతో కొట్లాడిన మనిషి ఆ గోడ దగ్గర చేతులు కట్టుకుని కూర్చోవడం నేను ఐదేళ్లు చూశాను.

నాకు కూడా రొట్టె ఇచ్చే వయసు వచ్చింది. ఆ ఆదివారం నా పేరు పిలిచారు. లేచి నాలుగడుగులు వేశాను. ముందుకు పోయి, రొట్టె అందుకోకుండా, అందరికీ వినపడేలా చెప్పేద్దామని వారం ముందే అనుకున్నాను. అవ్వ ఎలా కనిపెట్టిందో తెలియదు. వెనక నుంచి వచ్చి నా జడ పట్టి లాగింది. మెడ విరిగినంత పనైంది. జనం చూస్తుండగా బయటికి ఈడ్చుకుపోయి, గోడకు అదిమి పట్టింది.

“ఏం సెప్పబోతాండావు?”

“నిజం సెప్తానవ్వా. నీకు రొట్టె ఇస్తారు.”

“నాకొద్దు.”

“నూరింది నేను కదా అవ్వా.”

ఆమె నా మూతి వైపు చూసింది. అక్కడ పన్ను లేని సందు ఉంది. పాలపన్ను కాదది, మళ్లీ రాలేదు. బొటనవేలితో నా పెదవి ఎత్తి ఆ సందును తడిమింది. తర్వాత చెయ్యి తీసేసింది.

“ఒక పూట తిన్నాను. దాన్ని నెల నెలా తింటాండాను. నువ్వు ఇప్పుడు నోరు తెరిస్తే అదంతా దండగైపోతాది. పో. పోయి రొట్టె తిను.”

పోయి తిన్నాను. రెండేళ్ల తర్వాత అవ్వ పోయింది. సమాధుల వరసలో కాకుండా గోడ వారన ఆమెకు చోటిచ్చారు. అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు. పెళ్లయింది, పిల్లలయ్యారు, పెద్దలు ఒక్కొక్కరే పోయారు. అడిగేవాళ్లు లేకుండా పోయాక ఇక ఎవరికి చెప్పాలో తెలియలేదు. అరవై దాటాక మనవరాలి పలక మీద అక్షరాలు నేర్చుకున్నాను. చదవడం తొందరగానే వచ్చింది. ఇది రాయడానికే ఇన్నేళ్లు పట్టింది.

మా మనవరాళ్లు తలలో ఎన్ని పూలైనా పెట్టుకుంటారు, ఎవరూ అడ్డు చెప్పరు. ఉద్యోగాలు ఉన్నాయి. ఊరి పశువు చస్తే పంచాయతీ ట్రాక్టరు వస్తుంది. చెర్నాకోల పట్టుకుని ఇంట్లోకి వచ్చేవాడు లేడు, వచ్చినా ఫోను చేయడానికి ఒక నంబరు ఉంది. ఆ కాలం మంచిదని నేను ఎన్నడూ అనను. పూలు మాత్రం అప్పటివే పూర్తిగా పూశాయి.

ఆ బండ మీద గురివింద నూరింది నేను. పప్పు వండే ఆట ఆడుకుంటూ నూరాను. మా అవ్వ ఏ పశువునూ చంపలేదు, ఆ రోజు ఆ రాయిని ముట్టుకోలేదు కూడా. దండగ కాలేదు, అవ్వా. నీ వయసు దాటి పద్దెనిమిదేళ్లు బతికాను.